లింకు నొక్కనివాడు

గట్టు మండలంలో సీడ్ పత్తి వేసేవాళ్లెవరిని అడిగినా మణెమ్మ బొటనవేలి గోరు గురించి చెప్పేవాళ్లు. ఇప్పుడు అడిగితే మాట మారుస్తారు. పొగిడినప్పుడు ఊరంతా ఒక్క నోరే, ఆపద వచ్చినప్పుడు ఎవరి తలుపులు వాళ్లు వేసుకుంటారు. మణెమ్మ ఊరు కూడా ఏమంత వేరు కాదు.

సీడ్ పత్తి దూది కోసం వేసేది కాదు, విత్తనం కోసం వేసేది. రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట పట్టుకొని, బొటనవేలి గోరుతో చుట్టూ గీరి, రేకులతో పాటు లోపలి పుప్పొడిని ఒక్క ఊపున ఊడదీయాలి. నడిమి కాడకు గోరు తగలకూడదు. మర్నాడు పొద్దున పుప్పొడి కోసం వేసిన మగ సాళ్లలోంచి పువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. గోరు జారి పుప్పొడి కొంచెం మిగిలినా ఆ కాయ కల్తీ. తర్వాత కంపెనీ వాళ్లు కొన్ని విత్తనాలు నాటి, మొలిచినవన్నీ ఒకే రకమా కాదా అని చూస్తారు. దానికి జీఓటీ అని పేరు. అందులో ఫెయిలైన లాట్‌ను, అంటే ఆ చేని విత్తనం మొత్తాన్ని, కంపెనీ ముట్టుకోదు. ఏడాది కష్టం నూనె మిల్లుకు పోతుంది.

మణెమ్మ చేసిన లాట్ ఎన్నడూ ఫెయిల్ కాలేదు. ఆ గోరును ఆమె పసిపిల్లలా సాకేది. గిన్నెలు తోమేటప్పుడు వేలికి గుడ్డ చుట్టుకునేది, కట్టెలు విరిచేటప్పుడు ఎడమ చేయే వాడేది. పొలం పట్టా మొగుడు పెంటయ్య పేరు మీద ఉన్నా, ఊళ్లో అందరూ దాన్ని మణెమ్మ చేను అనేవాళ్లు. పెంటయ్యకు ఇది మింగుడు పడలేదు. సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర ఎవరైనా "మణెమ్మ చేను ఎట్లున్నదే?" అని అడిగితే, సగం చాయ్ వదిలేసి లేచి వచ్చేవాడు.

ఈ ఏడు ఇంకో మాట కూడా పుట్టింది. కంపెనీకి, రైతులకు మధ్య ఉండే ఆర్గనైజర్ వెంకటన్న మణెమ్మకు ఒక మాట ఇచ్చాడు. ఈసారి లాట్ పాసైతే తన కింద ఉన్న చేన్లన్నిటికీ క్రాసింగ్ మేస్త్రి ఆమే. అంటే కూలీలను పిలిచేది, పని నేర్పేది, ఎవరి చేయి మంచిదో ఎవరిది కాదో చెప్పేది మణెమ్మ. ఆ వైపు ఇప్పటిదాకా మేస్త్రులందరూ మగవాళ్లే. మొగ్గను ఎటు నుంచి పట్టుకోవాలో తెలియని వాళ్లు గట్టు మీద నిలబడి ఆడవాళ్ల మీద కేకలు వేసేవాళ్లు. మణెమ్మ ఆ ఎండాకాలమంతా వెంకటన్న ఇచ్చిన మాట మీదే బతికింది. ఫలితం ఇంకా రాలేదు. రాకముందే ఎవరెవరిని పిలవాలో పక్కింటి తాజ్‌బీతో కూర్చొని అనుకునేది.

పెంటయ్య అవన్నీ వింటూనే ఉన్నాడు.

ఇంతలో కంపెనీకి ఒక పీడ తగిలింది. ఎవరో దొంగలు కంపెనీ పేరుతోనే ఫోన్లకు లింకులు పంపారు. నొక్కిన రైతుల ఖాతాలు ఊడ్చుకుపోయాయి. తెలకపల్లి వైపు ఒక ఆర్గనైజర్ ఫోనే దొంగల చేతిలోకి పోయి, అతని పేరు మీద ఊరందరికీ లింకులు వెళ్లాయి. అప్పుడు కంపెనీ హైదరాబాద్ నుంచి నిరంజన్ అనే నిపుణుణ్ని పంపింది. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వీ నవ్వని మొహం. వచ్చిన రోజే గట్టు రైతు వేదికలో మీటింగ్ పెట్టాడు.

"ఫోన్‌కు ఏ లింకు వచ్చినా నొక్కొద్దు. ఎవరు పంపినా నొక్కొద్దు. మీ అన్న పంపినా, తమ్ముడు పంపినా, దేవుడు పంపినా నొక్కొద్దు. అర్థమైందా?" అన్నాడు.

"అయింది సారూ," అన్నారు అందరూ. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, మళ్లీ మూడుసార్లు అనిపించాడు.

"మరి వచ్చిన ముచ్చట నిజమో అబద్ధమో ఎట్ల తెలుస్తది సారూ?" అని హైదర్ అడిగాడు. తాజ్‌బీ మొగుడు అతను. అతనికీ సీడ్ పత్తి ఉంది.

"అవన్నీ మీకెందుకు? నొక్కకపోతే చాలు," అన్నాడు నిరంజన్.

ఆ ఒక్క మాట పెంటయ్య బుర్రలో దిగబడిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం మనిషి పెంటయ్య. ఆ రోజు నుంచి ఫోన్‌ను చొక్కా లోపలి జేబులో పెట్టుకొని తిరిగాడు. మణెమ్మ అక్కతో మాట్లాడాలని అడిగినా చేతికి ఇచ్చేవాడు కాదు. "నీకేం తెలుసే? ఒక్క ఏలు తగిలితే ఇల్లు మునుగుతది," అనేవాడు. పెళ్లాం కంటే తనకు ఎక్కువ తెలిసిన సంగతి ఇన్నాళ్లకు ఒకటి దొరికింది.

పాఠం చెప్పాక పరీక్ష పెట్టాలి కదా. గద్వాల ఆఫీసులో నిరంజన్ ఒక దొంగ మెసేజ్ తయారు చేశాడు. దొంగలు పంపినట్టే తాను పంపి, ఎవరు నొక్కుతారో లెక్క తీస్తాడట. మెసేజ్‌లో ఇలా ఉంది: "జీఓటీ ఫలితం వచ్చింది. మీ లాట్ ఫెయిల్. కారణం: క్రాసింగ్‌లో లోపం. అభ్యంతరం ఉంటే వెంటనే ఈ లింకు నొక్కి తెలపండి."

ఆఫీసు మేనేజర్ శిల్ప అది చదివి కుర్చీలో ఇబ్బందిగా కదిలింది. అమ్మాయిది వనపర్తి, తండ్రి రైతే.

"సార్, బహుమతి వచ్చిందనో, సబ్సిడీ వచ్చిందనో పెడదాం. జీఓటీ ఫెయిల్ అంటే ఇక్కడ చావు కబురు లెక్క సార్."

"అందుకే పెట్టాను. ఆశ కంటే భయం బాగా పనిచేస్తుంది మేడం. దొంగలు జాలి చూపిస్తారా? వాళ్లు చూపించనప్పుడు మనమెందుకు చూపించాలి?"

"నొక్కినోళ్లకు ఏం కనిపిస్తది?"

"భయపడకండి, ఇది పరీక్ష మాత్రమే, మీ ఫలితం ఇంకా రాలేదు అని వస్తుంది. కింద జాగ్రత్తలు ఉంటాయి."

"మరి నొక్కనోళ్లకు?"

"నొక్కనివాళ్లు తెలివైనవాళ్లు. వాళ్లకు చెప్పడానికి ఏముంది?" అని నిరంజన్ ల్యాప్‌టాప్ మూశాడు. శిల్పకు నోటిదాకా ఇంకో మాట వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చినవాడితో వాదించి ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఎందుకని మింగేసింది. మింగిన మాటలకు ఎవరూ శిక్ష వేయరు, అదే నా బాధ.

దొంగలు తెలిసినవాళ్ల నంబర్ నుంచే పంపుతారు కాబట్టి, మెసేజ్ కూడా ఆర్గనైజర్ల ఫోన్ల నుంచే వెళ్లాలన్నాడు నిరంజన్. పొద్దున్నే అందరినీ ఆఫీసుకు పిలిపించాడు. వెంకటన్న ఆ మెసేజ్ చదివి గొణిగాడు. "సారూ, మా రైతులు నా మాట నమ్ముతరు. గిట్ల అబద్ధం పంపితే ఎట్ల?" అన్నాడు. "కంపెనీ పని కావాలా, వద్దా?" అన్నాడు నిరంజన్. అడకత్తెరలో పోకచెక్క అయిన వెంకటన్న పంపాడు. ఎవరూ రైతులకు అసలు సంగతి ఊదకుండా, ఆర్గనైజర్ల ఫోన్లన్నీ ఒక ప్లాస్టిక్ టబ్బులో వేసి తాళం గదిలో పెట్టారు. తర్వాత వాళ్లకు బిర్యానీ తెప్పించారు.

పెంటయ్య వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. జేబులో ఫోన్ మోగింది. తీసి చదివాడు. చదువు అంతంతమాత్రమే కానీ ఫెయిల్ అనే మాట చదవలేని సీడ్ రైతు ఆ మండలంలో లేడు. పంపింది ఎవరో కాదు, వెంకటన్న. ఇంకేం కావాలి? నులక చేతిలోంచి జారిపోయింది. వెంకటన్నకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మొహం చూపించలేక ఎత్తడం లేదని అనుకున్నాడు.

ఆ తర్వాత అతని చూపు "కారణం: క్రాసింగ్‌లో లోపం" అన్న మాట దగ్గర ఆగింది. నష్టం జరిగిందన్న ఏడుపు ఎక్కడికి పోయిందో, దాని స్థానంలో ఇంకేదో వచ్చింది. సంతోషం అంటే నన్ను తిడతారు కానీ, సంతోషమే. ఇన్నేళ్లు మణెమ్మ చేను, మణెమ్మ చేయి అని విన్న చెవులకు కంపెనీయే స్వయంగా వేరే మాట చెప్పింది.

"మణే!" అని అరిచాడు. "ఎల్లు బయటికి! నీ గొప్ప చేయి ఏం చేసిందో చూడు రా!"

మణెమ్మ పిండి చేతులతో బయటికి వచ్చింది. గోడల మీదుగా నలుగురు తొంగిచూశారు. తాజ్‌బీ కూడా వచ్చి నిలబడింది. పెంటయ్య ఆ మెసేజ్‌ను గొంతెత్తి చదివాడు.

"కాదు," అంది మణెమ్మ. "నా చేయి తప్పు పోదు. వేరే వాళ్ల లాట్ కావచ్చు."

"ఎంకటన్న పంపిండే. గింత నీలిగితివి, మేస్త్రిని అయిత అంటివి! ఇప్పుడు నూనె మిల్లుకు మేస్త్రివి కా!"

గోడ అవతలి నుంచి ఎవరో "కండ్లు నెత్తికెక్కితే గంతే మరి" అన్నారు. నిన్నటిదాకా ఆ గోరును మెచ్చుకున్న నోరే అది.

మణెమ్మ ఏడవలేదు. "ఇంకోసారి చదువయ్యా," అంది. చదివాడు. ఆమె కళ్లల్లో వెలుగు వచ్చింది. "అభ్యంతరం ఉంటే చెప్పమంటున్నరు కదా! నాకున్నది అభ్యంతరం. నొక్కు. లింకు నొక్కి చెప్పు, మళ్లీ చూడమను."

"నొక్కొద్దన్నడు సారు."

"అది దొంగల లింకులు. ఇది ఎంకటన్న పంపినది కాదా?"

"దేవుడు పంపినా నొక్కొద్దన్నడు."

"అయితే ముచ్చట నమ్ముతవు, లింకు నమ్మవా? గిదేం నాయం? నీ కాళ్లు మొక్కుత, ఒక్కసారి నొక్కు. నా పేరు పోతుంటే చూస్తవా?"

అతనికి కావలసింది అదే అని ఆమెకు ఎవరు చెప్పాలి?

"పెంటన్నా, జర అడుగున్రి, ఏమైతది?" అంది తాజ్‌బీ. "నువ్వు నడుమ రాకు," అన్నాడు. ఆ మాట అనడానికి అతను అటు తిరిగినప్పుడు మణెమ్మ ఫోన్ లాక్కుంది. వెలుగుతున్న తెర మీద నీలం అక్షరాలు కనిపిస్తున్నాయి. కుడి బొటనవేలు వాటి మీదికి తెచ్చింది.

ఇంకొక్క క్షణం దొరికి ఉంటే "భయపడకండి" అని వచ్చి ఉండేది.

పెంటయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఫోన్ కింద పడింది. "ఇల్లు ముంచుతావే! ఒకసారి పంట ముంచితివి, ఇప్పుడు ఖాతా ముంచుతవా!" అంటూ వాకిట్లో ఉన్న రోటి దగ్గరికి ఈడ్చుకుపోయాడు. ఆమె చేతిని రోటి అంచు మీద పెట్టి అదిమాడు. రెండో చేత్తో పొత్రం ఎత్తాడు.

"ఈ ఏలే కదా!" అన్నాడు.

తాజ్‌బీ పరుగెత్తుకొచ్చేసరికి పొత్రం దిగింది. మణెమ్మ అరిచిన అరుపుకు గోడల మీది తలకాయలన్నీ దిగిపోయాయి. తాజ్‌బీ తన కొంగు చించి వేలికి చుట్టింది. గోరు రోటి దగ్గరే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడు హైదర్ నవ్వుకుంటూ గేటు తీసుకొని వచ్చాడు. "పెంటన్నా, నీక్కూడా వచ్చిందా? నేను దడుసుకొని వెంటనే నొక్కిన. చూడు, ఉత్తదే! ఆ హైదరాబాద్ సారు మనల్ని ఆడిస్తుండు. ఫలితమే రాలేదంట!" అని ఫోన్ ముందుకు చాచాడు. తెర మీద పచ్చని అక్షరాల్లో "భయపడకండి" అని ఉంది. తర్వాత అతనికి రోలు కనిపించింది, భార్య ఒళ్లో మణెమ్మ కనిపించింది. చాచిన చేయి అలాగే ఉండిపోయింది.

పెంటయ్య హైదర్ ఫోన్ తీసుకొని రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత అన్న మాట నేను మర్చిపోలేను.

"నేనైతే నొక్కలేదు," అన్నాడు.

గద్వాల దవాఖానలో డాక్టర్ వేలి చివర నుజ్జయిన ఎముక తీసేసి కుట్లు వేశాడు. గోరు మళ్లీ రాదన్నాడు. ఎట్లా అయిందని అడిగితే పొత్రం జారిందని పెంటయ్య చెప్పాడు. డాక్టర్ మణెమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"టేషన్‌కు పోదాం అక్కా," అంది తాజ్‌బీ బస్సులో. కోపంతో ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి. "వాణ్ని గట్లనే ఇడుస్తవా?"

"కేసంటే ఎంకటన్న జంకుతడు. కొట్లాటల ఆడిదానికి మేస్త్రి పని ఎవరిస్తరు? నాకు ఆ పని కావాలె తాజ్‌బీ. ఏలు పోయినా కండ్లు ఉన్నయి కదా. ఎవరు ఎట్ల గీరుతున్నరో చూసి చెప్పొచ్చు. అసలు ఫలితం రానీ."

అసలు ఫలితం వచ్చింది. మణెమ్మ క్రాసింగ్ చేసిన లాట్ పాసైంది, వెంకటన్న రైతులందరిలోకి అదే మొదటిది. వెంకటన్న ఫోన్ చేసి "పెంటయ్యా, నీ లాట్ పాస్" అని పెంటయ్యకే చెప్పాడు. పెంటయ్య చాయ్ హోటల్లో అందరికీ చాయ్ పోయించాడు. హోటల్లో ఎవరూ వేలి సంగతి ఎత్తలేదు, చాయ్ మాత్రం తాగారు.

వానలు పడేముందు కంపెనీ గద్వాలలో ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టింది. లింకు నొక్కినవాళ్లకు వెనక వరసల్లో కుర్చీలు వేసి, మళ్లీ క్లాసు తీసుకున్నారు. హైదర్ అక్కడ కూర్చున్నాడు. నొక్కనివాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరికి "జాగ్రత్త రైతు" అని రాసిన షీల్డు. పెంటయ్య తెల్లచొక్కా వేసుకొని వేదిక ఎక్కి షీల్డు తీసుకున్నాడు. ఫొటోలో భార్య కూడా ఉండాలన్నారని మణెమ్మను కూడా తెచ్చాడు. కట్టు కనిపించకుండా కొంగు కప్పుకొమ్మని దారిలోనే చెప్పాడు. రైతులను కాపాడడానికి వచ్చిన కంచె చేను ఎట్లా మేసిందో ఆ హాల్లో కొందరికైనా తెలుసు. తెలిసినవాళ్లందరూ షీల్డు మీద కాగితం పూలు చల్లారు.

"అమ్మా, మీ ఇల్లు చాలా సేఫ్ ఇల్లు. ఆడవాళ్లకు మీరు ఒక్క మాట చెప్పండి," అని నిరంజన్ ఆమె చేతికి మైకు ఇచ్చాడు.

మణెమ్మ ఎడమ చేత్తో మైకు పట్టుకుంది. నిరంజన్ వైపు చూడలేదు. ముందు వరస చివర నిలబడ్డ వెంకటన్నను చూసింది.

"ఎంకటన్నా, నా లాట్ పాసైంది. పాసైతే మేస్త్రి పని నాకిస్త అని మాటిచ్చినవు." కొంగు పక్కకు తీసి కట్టు ఉన్న చేయి పైకి లేపింది. "ఏలు పోయింది. లింకు నొక్కబోతే మా ఆయన నలగ్గొట్టిండు. అయినా పని నాకు తెలుసు. నలుగురికి నేర్పుత. ఇస్తవా అన్నా?"

శిల్ప కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చుంది. నిరంజన్ మొహంలో రంగు మారింది. వాడికి అర్థం కాలేదని ఎవరూ అనుకోవద్దు, పూర్తిగా అర్థమైంది. కెమెరా పట్టుకున్నవాడికి ఆపమని చేత్తో సైగ చేశాడు. మైకు మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"చూశారా? ఇంట్లో ఒకరు తొందరపడినా, ఇంకొకరు జాగ్రత్తగా ఉంటే నష్టం తప్పుతుంది. పెంటయ్య గారికి అందరూ గట్టిగా చప్పట్లు కొట్టండి," అన్నాడు.

కొట్టారు. వెనక వరసలో హైదర్ ఒక్కడే లేచి బయటికి వెళ్లిపోయాడు.

వెంకటన్న మెట్ల దగ్గరికి వచ్చి మణెమ్మతో నేల చూస్తూ మాట్లాడాడు. "కంపెనీ కొత్త రూల్ పెట్టింది అక్కా. షీల్డు వచ్చినోళ్లకే మేస్త్రి పనులు. నిన్ననే పెంటయ్య పేరు రాసిండ్రు. నా చేతిల ఏమీ లేదు. ఒక్క ఇంట్లనే కదా, ఎవరైతే ఏంది?"

పూత మొదలైన నాడు పెంటయ్య ఇంటి ముందు కూలి ఆడవాళ్లు బారులు తీరారు. అతను షీల్డును కిటికీలో అందరికీ కనబడేటట్టు పెట్టి, అరుగు మీద నిలబడి ఒక్కొక్కరిని చేన్లకు పంచుతున్నాడు. గోర్లు చూపించమని అడిగి, అందరివీ వంగి వంగి చూశాడు. చూసి ఏం తెలుసుకున్నాడో వాడికే తెలియాలి. అందరి తర్వాత మణెమ్మ వచ్చి వరస చివర నిలబడింది.

"నువ్వెందుకు ఇక్కడ? నీకు క్రాసింగ్ ఎక్కడ వస్తది?" అన్నాడు. అందరూ వింటుండగానే కాసేపు ఆలోచించినట్టు గడ్డం గోక్కున్నాడు. "చేన్లకు నీళ్ల బిందెలు మొయ్యి. దానికి బొటనేలితో పని లేదు."

మణెమ్మ బిందె అందుకుంది. అంచు పట్టుకొని ఎత్తబోతే జారి పాదం మీద పడింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ జారింది. బిందె ఎత్తాలన్నా బొటనవేలు కావాలని పెంటయ్యకు తెలియదు, వాడెన్నడూ ఎత్తలేదు.